ఇంటిపట్టున పిల్లలు: ఆటలు, చేతిపనులు

వేసవి మధ్యాహ్నం పన్నెండు మొదలు అయిదు గంటల వరకు ఒక పిల్లవాడిని ఇంటిపట్టున ఉంచడం బెజవాడలో ఎంతటి పనో తల్లులకు తెలుసు. తల్లుల తరువాత అక్కలకు తెలుసు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట మన ఊరిని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది. ఆ ఎండలో వీధిలోకి పంపితే వడదెబ్బ భయం. పోనీ, చల్లని చోటు వెతుక్కొమ్మంటే నగరం నడుమ పారే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ గట్లే పిల్లల కంటికి ముందుగా ఆనుతాయి. పెద్దవాళ్ళు కునుకు తీసిన వేళ చడీచప్పుడు లేకుండా తలుపు తీసుకొని వెళ్ళిన పిల్లవాడు సాయంత్రానికి తిరిగి రాని కథ డెల్టాలో పుట్టి పెరిగిన వారిలో వినని వారుండరు. అందువల్ల పిల్లలను ఇంట్లో సంతోషంగా ఉంచడమన్నది మన ప్రాంతంలో ఉబుసుపోక వేసుకొనే ప్రశ్న కాదు.

కళాశాల సంచికలో ఈ సంగతి దేనికని కొందరికి తోచవచ్చు. కాని మన విద్యార్థులలో, ముఖ్యంగా విద్యార్థినులలో, ఇంట తమ్ముళ్ళను చెల్లెళ్ళను కనిపెట్టుకొని ఉంటూ చదువుకొనేవారు ఎందరో ఉన్నారు. హాజరు పట్టీలో గైరుహాజరు గీత పడిన రోజులన్నింటి వెనుకా జ్వరమే ఉండదు. కొన్నింటి వెనుక పనికి వెళ్ళిన తల్లి, ఇంట మిగిలిన పసివాడు ఉంటారు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ అక్కలకూ అన్నలకూ ఉద్దేశించినది.

రెండేళ్ళ క్రితం మార్చిలో, ఒంటిపూట బడులు మొదలైన వారంలోనే, ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం విద్యార్థిని ఒకామె నా వద్దకు వచ్చి, మే నెలలో రాయవలసిన ప్రవేశ పరీక్షకు ఇంట్లో చదవలేకపోతున్నానని చెప్పుకొన్నది. వాళ్ళది పంజా సెంటరు వెనుక రెండు గదుల ఇల్లు. తండ్రి ఆటోనగరులో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాడు. తల్లి ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడుతుంది. తొమ్మిదేళ్ళ తమ్ముడూ, ఆరేళ్ళ చెల్లెలూ మధ్యాహ్నానికల్లా బడి నుండి వచ్చేస్తారు. పక్కింటి నాలుగేళ్ళ పిల్లవాడు కూడా వీళ్ళ వద్దనే. “ఫోను ఇస్తే ఊరుకుంటారు సార్. అది తీసుకుంటే మాత్రం ఇల్లు పీకి పందిరి వేస్తారు” అన్నది.

నేను ఉపాధ్యాయుణ్ణి గదా! వెంటనే కాగితం తీసుకొని ఒక కాలపట్టిక వేసి ఇచ్చాను. ఒంటిగంట నుండి చిత్రలేఖనం, రెండింటికి కాగితపు పువ్వులు, మూడింటికి కథ, నాలుగింటికి మట్టిపని. మూడవ నాడు ఆమె ఆ కాగితాన్ని తిరిగి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. దాని వెనుక వైపున ఎవరో ఒక పడవ బొమ్మ వేసి ఉన్నారు. “పువ్వులు అరగంటలో అయిపోయాయి సార్. ఇప్పుడేం చెయ్యాలి ఆపా అని పదే పదే నన్నే అడుగుతున్నారు. ముందు ఒక్క అల్లరే ఉండేది, ఇప్పుడు అల్లరితో పాటు ప్రశ్నలు కూడా వచ్చాయి.”

ఆలోచిస్తే లోపం ఎక్కడున్నదో నాకు తరువాత బోధపడింది. బడి విడిచి వచ్చిన పిల్లలకు నేను ఒంటిగంటకు మరొక బడి తెరిచాను. నేను చెప్పిన పనులన్నింటిలోనూ చివరకు ఏమి తయారు కావాలో ముందే నిశ్చయమై ఉన్నది. పువ్వు పువ్వులా ఉండాలి. ఉన్నదో లేదో అక్క చూసి చెప్పాలి. అక్క చూడకపోతే పని ఆగిపోతుంది. ఇక అక్క చదివేదెప్పుడు?

మరి ఆ ఇంట్లో పిల్లలను నిలిపినదేమిటో ఆమే నెమ్మది మీద కనిపెట్టింది. తల్లి మిషను కింద ఒక వెదురు బుట్ట ఉండేది. కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డపీలికలు, తెగిన బొత్తాములు, లేసు ముక్కలు, ఖాళీ దారపు రీళ్ళు అందులో పడేవి. ఒకనాడు చెల్లెలు ఆ బుట్టను బోర్లించి కూర్చున్నది. తల్లి కసరబోయి, అర్జంటు పని చేతిలో ఉండి ఊరుకున్నది. ఆ పిల్ల సాయంత్రం వరకు లేవలేదు. రంగులవారీగా పీలికలు వేరు చేసింది. మరునాడు వాటినే మళ్ళీ కలిపి పొడవును బట్టి వేరు చేసింది. తమ్ముడు రీళ్ళకు రబ్బరు బ్యాండు తగిలించి బండి చేయబోయి, అది నడవక, మూడు రోజులు దానితోనే కుస్తీ పట్టాడు. నాలుగేళ్ళవాడు ఒక పాత మేజోడులో గుడ్డముక్కలు కూరడం, దులపడం, మళ్ళీ కూరడం. అంతే, అదే వాడి పని. చూసేవారికి అది పనిలా కనిపించదు. వాడికి మాత్రం అది తీరిక లేని ఉద్యోగం.

నేను చెప్పదలచిన ముఖ్య విషయం ఈ బుట్టలోనే ఉన్నది. పిల్లలను మనం పనిగట్టుకొని ఆడించనవసరం లేదు. పెద్దవాళ్ళు నిజంగా పనిచేస్తున్న చోటికి కూతవేటు దూరంలో, పాడైనా ఎవరూ ఏమీ అనని సామగ్రితో, తుది రూపం ఎవరూ నిర్ణయించని పనిలో వాళ్ళను ఉండనిస్తే చాలు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆట కుంటుపడుతుంది.

ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోము నగరంలోని సాన్ లోరెంజో అనే పేటలో కూలివారి పిల్లల కోసం ఒక ‘పిల్లల ఇల్లు’ తెరిచింది. అక్కడ మంచి బొమ్మలు పెట్టినా పిల్లలు వాటిని విడిచి, చేతులతో అమర్చే వస్తువుల వైపు, ఊడ్చడం, కడగడం వంటి ఇంటి పనుల వైపు మళ్ళడం చూసి ఆమె ఆశ్చర్యపోయింది. ఆమె 1939 నవంబరులో మద్రాసు అడయారుకు వచ్చింది. మరుసటి ఏడు ఇటలీ యుద్ధంలో దిగడంతో, శత్రుదేశీయురాలనే కారణాన ఆమె కదలికల మీద ఆంక్షలు పడ్డాయి. అలా ఆమె 1946 వరకు మన దేశంలోనే, కొంతకాలం కొడైకెనాల్‌లోనూ ఉండి, వందలాది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఆమె పేరు పెట్టుకొన్న బడులు నేడు మన ఊళ్ళో సందుకొకటి ఉన్నవి. వాటిలో చాలావాటికి ఆమె పేరు తప్ప మరేమీ అందలేదని అనిపిస్తుంది. రెండున్నరేళ్ళ పిల్లవాడి చేత పలక మీద అక్షరాలు దిద్దించడం ఆమె చెప్పినది కాదు.

పెద్దల పని పక్కన పిల్లల ఆట ఎట్లా ఉంటుందో చూడాలంటే రోము దాకా పోనవసరం లేదు. విజయవాడకు ఇరవై కిలోమీటర్ల లోపు కొండపల్లి ఉన్నది. అక్కడి బొమ్మల కాలనీలో ఇంటి వసారాలే కార్ఖానాలు. తెల్లపొణికి అనే తేలిక కర్రను తెచ్చి, ఆరబెట్టి, సన్నని సెగ మీద తడి పోగొడతారు. తల, మొండెం, చేతులు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికి, ఎగుడుదిగుళ్ళు పూడ్చి, ఆకురాయితో నున్న చేసి, సున్నపు పూత వేసి, ఆపైన రంగులు దిద్దుతారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాడిచెట్టెక్కే గీతగాడు, నీళ్ళు తోడే ఇల్లాలు అన్నీ ఆ వసారాల నుండి వచ్చినవే. సంక్రాంతి బొమ్మల కొలువులలో తరతరాలుగా వాటిని నిలుపుకొన్న ఇళ్ళు మన జిల్లాలో ఇప్పటికీ ఉన్నవి.

నేను విద్యార్థులతో ఒకసారి అక్కడికి వెళ్ళినపుడు అందరూ ఏనుగులను చూస్తుంటే నేను ఒక అయిదేళ్ళ కుర్రవాణ్ణి చూస్తూ నిలబడ్డాను. తాత చెక్కుతున్న చోట రాలిన పేళ్ళలో ఒకటి ఏరుకొని, గిన్నె అంచున మిగిలిన మక్కు ముద్దతో దానికి మరొక పేడు అతికిస్తున్నాడు. అది ఊడిపోయింది. తాత తలెత్తకుండానే “ఆరనీ” అన్నాడు. వాడు ఆరనిచ్చాడు. అదేమిటి నాయనా అని అడిగితే బస్సు అన్నాడు. దానికి చక్రాలు లేవు, కిటికీలు లేవు. తాత దాన్ని మెచ్చుకోలేదు, దిద్దనూ లేదు. ఆ ఒక్క మాట ‘ఆరనీ’ అన్నది ఎంత గొప్ప పాఠమో అప్పుడు తోచలేదు. మా విద్యార్థిని బుట్ట కథ విన్నాకనే గుర్తుకు వచ్చింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఆ కుర్రవాడి చేత రోజుకు ఇరవై ఏనుగు తొండాలు నున్న చేయించి ఉంటే అది ఆట కాదు, కూలి. చేతిపనుల ప్రాంతాలలో ఈ గీత చెరిగిపోవడం సులభం. కుట్టుపని, అల్లికపని చేసే ఇళ్ళలో ఆడపిల్లలకు ‘సరదాగా నేర్చుకో’ అని మొదలైనది ఇంటి ఆదాయంలో లెక్కగా మారడం మనకు తెలియనిది కాదు. ఎప్పుడు మానాలో పిల్లే నిర్ణయిస్తే ఆట. మరొకరు నిర్ణయిస్తే పని. పిల్లలకు ఆటా విశ్రాంతీ హక్కులని ఐక్యరాజ్య సమితి 1989లో బాలల హక్కుల ఒడంబడికలో ముప్పై ఒకటవ అధికరణంగా రాసింది. మన దేశం 1992 డిసెంబరులో అందులో చేరింది. మరొక మాట: ఇళ్ళల్లో సూదీదారం ఆడపిల్లకే ఇస్తారు, మగపిల్లవాడిని బయటికి తోలుతారు. తొమ్మిదేళ్ళ మగపిల్లవాడు తన చొక్కా బొత్తాము తాను కుట్టుకోవడం నేర్చుకొంటే ఆ మధ్యాహ్నమూ గడుస్తుంది, పదేళ్ళ తరువాత హాస్టలులోనూ ఉపయోగపడుతుంది.

ఇక సామగ్రి. దుకాణాలలో అట్టపెట్టెలో పెట్టి అమ్మే ‘క్రాఫ్ట్’ సరకు ఖరీదైనది, పైగా ఒక్కసారికే పనికివచ్చేది. డెల్టా మనకు ఉచితంగా ఇచ్చేవి అంతకన్న మేలైనవి. వేసవిలో ముంజలు తిన్నాక ఖాళీ తాటికాయలను పారవేయకుండా రెండింటిని చిన్న కర్రతో ఇరుసులాగా కలిపి, పంగల కర్ర ఒకటి ఆ ఇరుసు మీద ఆనించి తోస్తే బండి. పల్లెలో పెరిగిన ప్రతివారికీ అది మొదటి వాహనం. లేత తాటాకు చీలికలు రెండు అడ్డంగా అమర్చి నడుమ తుమ్మముల్లు గుచ్చి పుల్లకు తగిలిస్తే గాలికి తిరిగే గిరక. కొబ్బరాకుతో బూర, కళ్ళజోడు, చేతి గడియారం. జొన్నదంటు పైచెక్కు ఒలిచి, లోపలి బెండును ముక్కలు చేసి, ఆ చెక్కు చీలికలనే మేకులుగా గుచ్చి కట్టే ఎడ్లబండి మరీ అందమైనది. అందులో జిగురు లేదు, ఇనుము లేదు. కట్టిన తాతలు ఇంకా మన మధ్య ఉన్నారు గనుక అడిగి నేర్చుకోవచ్చు. నేర్పమని అడిగితే విసుగుకొనే తాతను నేనింతవరకు చూడలేదు.

పట్టణపు రెండు గదుల ఇంటికి తాటాకు ఎక్కడిదంటారా? పాత వార్తాపత్రికలు ఉన్నవి. వాటికి కావలసినది జిగురు. పెద్ద చెంచాడు మైదా పిండిని కప్పు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, చిన్న మంట మీద పెద్దవారే కలియబెడుతూ ఉడికిస్తే పారదర్శకంగా చిక్కబడుతుంది. చల్లారాక రెండు మూడు రోజులు వాడుకోవచ్చు. పుస్తకాలు బైండు చేసేవారు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలుండే ఇంట్లో కలపరాదు. కాగితాన్ని పొరలు పొరలుగా బోర్లించిన గిన్నె మీద అంటించి ఆరబెడితే గట్టి బుట్ట వస్తుంది. గిన్నెకు ముందుగా నూనె రాయడం మరచిపోతే గిన్నె కూడా కాగితంతోనే వస్తుంది. ఇది నా అనుభవం. చీపురు పుల్లలతో గాలిపటం కట్టుకోవచ్చు గాని, దానికి నూలు దారమే కట్టాలి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ధర్మాసనం 2017లో దేశమంతటా నిషేధించింది. మెడలు తెగిన వార్తలు చదివిన తరువాత ఆ నిషేధం గురించి ఎవరికీ వేరే చెప్పనవసరం లేదు.

రంగుల విషయంలో మన వంటిల్లే ప్రయోగశాల. మన కళాశాల విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఇది తమ్ముళ్ళకు చూపిస్తే ఇద్దరికీ పాఠం. పసుపు కలిపిన నీళ్ళలో తెల్ల కాగితాన్ని ముంచి ఆరనివ్వాలి. వంటసోడా కలిపిన నీళ్ళలో పుల్ల ముంచి దాని మీద గీస్తే పసుపు మీద ఇటుక ఎరుపు గీత లేస్తుంది. దాని మీద నిమ్మరసం చుక్క పడితే మళ్ళీ పసుపు. పారాణి కోసం పసుపులో సున్నం కలిపే అమ్మమ్మలు చేసేదీ ఈ రసాయన చర్యనే. పిల్లల చేతికి మాత్రం సున్నం ఇవ్వకూడదు, కంట పడితే ప్రమాదం, సోడాతో సరిపెట్టుకోవాలి. నీలి శంఖుపుష్పాలను వేడి నీళ్ళలో వేస్తే నీలం దిగుతుంది. నిమ్మరసం పిండితే అది ఊదా, గులాబీ రంగులకు తిరుగుతుంది; సోడా వేస్తే ఆకుపచ్చ వైపు పోతుంది. ఆరేళ్ళ పిల్లకు ఇది గారడి. డిగ్రీ విద్యార్థికి ఆమ్లక్షార సూచిక. గారడీగా ముందు చూసినవాడికి సూచిక తరువాత సులభంగా ఎక్కుతుంది. మన పాఠ్యక్రమంలో వరస తలకిందులు.

కూర్చొని ఆడే ఆటలలో మనవారి తెలివి అపారం. ఆ విద్యార్థిని ఇంట ఆ వేసవిలో వాళ్ళ నానీ వచ్చి పది రోజులున్నది. పగలు నిద్రపట్టని మనిషి. ఆమె సుద్దముక్కతో గచ్చు మీద అడ్డం అయిదు, నిలువు అయిదు గళ్ళు గీసి అష్టాచెమ్మా మొదలుపెట్టింది. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలను ఒక పక్క గచ్చు మీద అరగదీసి తెలుపు తేల్చింది. నాలుగూ తెల్లగా వెల్లకిల పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. తొమ్మిదేళ్ళ తమ్ముడు రెండు రోజులు ఓడి, మూడవ రోజు అక్కను అడిగాడట: “ఆపా, నాకెప్పుడూ రెండే ఎందుకు పడుతున్నాయి?” గణితం చదివే మన విద్యార్థిని పుస్తకం మూసి ఆ లెక్క చెప్పింది. నాలుగు పిక్కలు పడే తీరులు మొత్తం పదహారు. వాటిలో రెండు పడే తీరులు ఆరు. ఒకటికి నాలుగు, మూడుకు నాలుగు. చెమ్మకు ఒకటి, అష్టకు ఒకటి. రెండు పక్కలూ సమానంగా పడతాయనుకొంటే లెక్క ఇది. అరగదీసిన పిక్క నిజంగా అట్లా పడుతుందా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న తమ్ముడికి వదిలింది. వాడు ఒక నోటుబుక్కులో గీతలు పెడుతూ రెండు మధ్యాహ్నాలు పిక్కలు వేస్తూనే ఉన్నాడు. ఆమెకు సంభావ్యత పాఠం తిరగవేసినట్లయింది, వాడికి తిండి ధ్యాస కూడా లేకపోయింది.

వామనగుంటలు కూడా అటువంటిదే. రెండు వరుసలలో ఏడేసి గుంటలు, చింతగింజలు. పీట లేని ఇంట్లో గుడ్లు పెట్టే అట్ట చాలు, లేదా నేల మీద సున్నాలు గీసుకొన్నా చాలు. ఈ ఆటకు తోబుట్టువులు ఆఫ్రికాలో ఎన్నో ఉన్నవి. ఘనాలో ఓవారే అన్న పేరున వరుసకు ఆరేసి గుంటలతో, నలభై ఎనిమిది గింజలతో ఆడతారు. గింజలు ఎన్ని ఉన్నవో లెక్కించకుండా కంటితోనే పోల్చుకొనే నేర్పు ఈ ఆటలో వస్తుంది. మూడు పులులు, పదిహేను మేకల పులిజూదం మరికొంచెం పెద్ద పిల్లలకు. దాడి, గచ్చకాయలు, పచ్చీసు గురించి విడిగా రాస్తే తప్ప న్యాయం జరగదు.

గింజల మాట వచ్చింది గనుక ఒక జాగ్రత్త. గచ్చకాయలకు, వామనగుంటలకు చేతికి దొరికిన గింజనల్లా వాడడం మన అలవాటు. ఎర్రని గురివింద గింజ చూడడానికి ముచ్చటగా ఉంటుంది, నమిలితే ప్రాణాంతకం. పచ్చగన్నేరు కాయ కూడా అంతే. ఈ రెండింటినీ ఆట సామానులోకి రానీయకూడదు. మూడేళ్ళ లోపు పసివాడున్న గదిలో గింజలు, బొత్తాములు, పూసలు నేల మీద విడవకూడదు, గొంతులో అడ్డుపడతాయి. బొమ్మలకు మిగిలిపోయిన పాత ఎనామిల్ రంగులు వేయకండి. ఇంటి రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించరాదన్న నియమం 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అటక మీది డబ్బా అంతకు ముందుదైతే దానిలో ఎంత ఉన్నదో ఎవరికి తెలుసు? నీళ్ళ బకెట్టు నిండా ఉంచి గది విడిచి వెళ్ళకండి. కాలువ దాకా పోనవసరం లేదు, పసివాడికి బకెట్టు చాలు.

ఫోను మాట తీయకుండా ఈ వ్యాసం ముగిస్తే దాటవేసినట్లవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, ఏడాది నిండిన పిల్లలకు కూడా తెర చూపించడం తగదనీ, రెండు నుండి నాలుగేళ్ళ వారికి రోజుకు గంటకు మించకూడదనీ సూచించింది. సూచన మంచిదే. అయితే 2020 మార్చిలో బడులు మూసినపుడు ఆ ఫోనునే బడిగా పిల్లల చేతిలో పెట్టినది మనమే. ఉన్న ఒక్క ఫోను తండ్రితో పనికి పోయిన ఇళ్ళలో చదువు ఆగిపోయిన సంగతీ మనకు తెలుసు. కనుక ఫోను ఇచ్చిన తల్లిని తప్పుపట్టే అధికారం మనకు తక్కువ. పట్టవలసినది వేళ. ఫోను ఇచ్చి తీసుకొన్న తరువాతి అరగంటే గడ్డుకాలం. చేతిపని ఆ అరగంటకు ముందే సిద్ధంగా, కంటికి కనబడేటట్లు పెట్టి ఉంచితే పోరు తగ్గుతుందని మా విద్యార్థిని అనుభవం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట నీట మునిగినపుడు పై అంతస్తులలో చిక్కుకొన్న కుటుంబాలకు కరెంటు లేదు, ఫోనులలో ఛార్జి లేదు. మా బంధువులు అట్లా కొన్ని రోజులు గడిపారు. పెద్దవాళ్ళు పాలపొట్లం కోసం, పడవ కోసం ఎదురుచూస్తూ బెంబేలెత్తి ఉంటే, నలుగురు పిల్లలు మెట్ల మీద ఏ మెట్టు దాకా నీళ్ళు వచ్చాయో బొగ్గుతో గీతలు పెడుతూ గడిపారట. ఎవరూ చెప్పలేదు. నీళ్ళు తీయడం మొదలైనట్లు ఇంటికి ముందుగా తెలియజేసింది ఆ గీతలే. మెట్లెక్కే చోట ఒక పెద్దవాడు కదలకుండా కాపలా కూర్చున్నాడనుకోండి. అది లేకపోతే ఈ కథ చెప్పదగినది కాదు.

చేసినవి ఎవరికైనా చూపించుకోవాలన్న తహతహ పిల్లలందరికీ ఉంటుంది. రేడియో అన్నయ్యగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, ఆయన భార్య కామేశ్వరి మద్రాసు రేడియోలో పిల్లల చేత పాడించి, ఆడించి, 1945లో ‘బాల’ పత్రిక స్థాపించి పిల్లల రాతలూ గీతలూ అచ్చువేశారు. బాపు, ముళ్ళపూడి వెంకటరమణ బాల్యంలో తమ పేర్లు అచ్చులో చూసుకొన్నది ఆ పత్రికలోనే. ఇంట్లో అంత ఏర్పాటు అక్కరలేదు. గోడకు ఒక తాడు కట్టి, బట్టలకు పెట్టే క్లిప్పులు నాలుగు ఉంచితే చాలు. మెచ్చుకోలు ఎక్కువైతే మాత్రం పిల్లలు మెచ్చుకోలు కోసమే గీస్తారు. “ఇదేమిటో చెప్పు” అని అడిగి వినడం “ఎంత బాగుందో” అనడం కంటె మేలు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన విద్యార్థుల ఇళ్ళలో తెలుగు ఆటలూ ఉన్నవి, ఉర్దూ పేర్లతో ఆడే ఆటలూ ఉన్నవి. కొన్ని రెండు పేర్లతో ఉన్న ఒకే ఆట. నానీలు, అమ్మమ్మలు ఉండగానే వాటి నియమాలను, గళ్ళ పటాలతో సహా విద్యార్థుల చేత రెండు భాషలలో రాయించి వచ్చే సంచికలో నాలుగు పుటలు కేటాయించవలసిందిగా కోరుతున్నాను. గ్రంథాలయం వసారాలో ఒక పాత బీరువా ఖాళీగా ఉన్నది. అందులో గుడ్డపీలికలు, అట్టలు, రీళ్ళు, గవ్వలు చేర్చి, కావలసిన విద్యార్థి సంచిలో ఇంటికి తీసుకొని పోయే వీలు కల్పిస్తే అయ్యే ఖర్చు తాళం ఖరీదు మాత్రమే. తాళం కూడా అక్కరలేదని నా అభిప్రాయం.

ఆ విద్యార్థిని పరీక్ష రాసింది, సీటు వచ్చింది. వేరే ఊళ్ళో చదువుతున్నది. మొన్న సెలవులకు వచ్చినపుడు కనబడితే తమ్ముడి రీలు బండి నడిచిందా అని అడిగాను. నడవలేదట. రబ్బరు బ్యాండుకు బదులు ఇప్పుడు తండ్రి షెడ్డు నుండి తెచ్చిన స్ప్రింగు ఏదో బిగించి చూస్తున్నాడట.